డిక్కీలో దాచిన టోపీ

హైదరాబాద్ దవాఖానలో మా అమ్మాయి చెకప్ అయిపోయింది. రిపోర్టులు బాగున్నాయన్నారు. బయటికి వచ్చే దారిలో ఒక టేబుల్ వేసి టోపీలు, సంచులు, కీచైన్లు అమ్ముతున్నారు. క్యాన్సర్ వచ్చిన పిల్లల చదువులకూ, ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల బసకూ ఆ డబ్బు వెళ్తుందట. మా అమ్మాయి అక్కడ ఆగిపోయింది. నేనేమో మా వరంగల్ వాళ్లెవరైనా కనిపిస్తారేమోనని అటూ ఇటూ చూస్తున్నాను.

నిరుడు బయటపడ్డ ఆమె జబ్బు సంగతి నేనూ, వాళ్లమ్మా ఎవరికీ చెప్పలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల, రేపు పెళ్లి కావాలి, జనం ఏమంటారోనని నా భయం. ఒంట్లో రక్తం తక్కువైందన్నాం. జుట్టు పోతే వేములవాడ మొక్కన్నాం. ఎనుమాముల మార్కెట్లో నాతో కలిసి రైతుల మిర్చిని కమీషన్ మీద వేలం వేయించే అడ్తి దుకాణం నడిపే మా అన్నకు కూడా అదే చెప్పాను.

ఆమె పసుపు రంగు టోపీ ఒకటి కొని నా నెత్తిన పెట్టింది. దాని మీద "క్యాన్సర్ వచ్చిన పిల్లలకు తోడుగా" అని పెద్ద అక్షరాలు.

"మార్కెట్‌కు రోజూ పెట్టుకొని పోవాలె డాడీ. ఎండకు నెత్తి మాడుతాంది నీకు."

"సరే బిడ్డా" అన్నాను.

ఇంటి దగ్గర పెట్టుకునేవాణ్ణి. మార్కెట్ గేటు రాకముందే స్కూటర్ ఆపి, తీసి డిక్కీలో పడేసేవాణ్ణి. సాయంత్రం మా వీధి మలుపులో మళ్లీ పెట్టుకునేవాణ్ణి. అక్కడ ఆగినప్పుడల్లా ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగేవాణ్ణి.

వారం తర్వాత, నేను మరిచిపోయిన బీపీ గోలీలు పట్టుకుని ఆమె ఆటోలో మార్కెట్‌కు వచ్చింది. వేలం సాగుతోంది. మిర్చి ఘాటుకు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, బస్తాల మధ్య నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. అన్న నా పక్కనే ఉన్నాడు.

"టోపీ ఏది డాడీ?"

"ఇంట్ల మర్చిపోయిన."

"పొద్దుగాల పెట్టుకునే బయల్దేరినవు గద."

ఆమె నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని స్కూటర్ వైపు వెళ్లింది. టోపీతో తిరిగి వచ్చింది గానీ నాకివ్వలేదు. అన్న దాన్ని అందుకుని అక్షరాలు పైకి చదివాడు. పక్కనున్న హమాలీలు ఇద్దరు మావైపు తిరిగారు.

"ఇదేంది తమ్మీ? ఎవలికొచ్చింది?"

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. తను చెప్పదని అర్థమైంది.

"నా బిడ్డకే అన్నా. రక్తం తక్కువ గాదు, క్యాన్సర్. ఇప్పుడు మంచిగున్నది."

అన్న ముఖం నల్లబడింది. "నిరుటి సంది పక్కపక్కన కూసుంటానం. పిల్లకింత కష్టమొస్తే నాకు చెప్పకపోతివి. నేను పరాయోన్నా?"

టోపీ బస్తా మీద పెట్టి, వేలం మధ్యలోనే వెళ్లిపోయాడు.

"నాకు జబ్బొస్తే నీకు సిగ్గయితాందా డాడీ?" అని అడిగింది మా అమ్మాయి.

"సిగ్గు గాదు బిడ్డా. భయం."

"భయం నాకు గూడ ఉండె. ఎవలతోని చెప్పుకోవాలె? ఎవ్వలకు చెప్పొద్దంటిరి."

టోపీ పెట్టుకుని వేలం ముగించాను.

పది రోజులు అన్న నాతో మాట్లాడలేదు. ఒక ఆదివారం వదినను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చి, మా అమ్మాయి పక్కన కూర్చున్నాడు.

"మొదటి సంది చెప్పు బిడ్డా" అన్నాడు.

ఆమె చెప్పింది. మాకెప్పుడూ చెప్పనివి కూడా చెప్పింది. వదిన ఆమె చెయ్యి వదల్లేదు. అన్న నా వైపు చూడకుండానే లేచి వెళ్లాడు.

ఇప్పుడు దుకాణంలో మాట్లాడుతున్నాడు. మునుపు రోజూ వేసినట్టు మధ్యాహ్నం తన డబ్బాలోని కూర నా గిన్నెలో వేయడం మాత్రం ఇంకా మళ్లీ మొదలుపెట్టలేదు.