గోలీలు అంజన్నను అడగమన్నారు

మా చెల్లెకు చిన్నప్పటి నుంచి మూర్ఛ. పొయ్యి దగ్గరికి, గోదావరి ఒడ్డుకు ఒంటరిగా పంపేవాళ్లం కాదు. ఎనభైల చివర్లో కరీంనగర్‌లో ఒక డాక్టరు, కొత్త మందును రోగుల మీద పరీక్షిస్తున్నామని చెప్పి ఆమెను చేర్చుకున్నాడు. పాత గోలీలతో పాటు ఇంకో తెల్ల గోలీ. దానికి పేరు లేదు, డబ్బా మీద నంబరే ఉండేది. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త గోలీ ఇస్తారని, ఎవరికి ఏది పోతున్నదో తనకూ తెలియదని డాక్టరే చెప్పాడు.

అది వేసుకున్నాక మూర్ఛ ఆగిపోయింది. చెల్లె అన్నం వండింది. ఒక్కతే గోదావరికి పోయి, ఉతికిన బట్టలు భుజాన వేసుకుని నవ్వుకుంటూ వచ్చింది. "అన్నా, ఇగ నా ఎన్క కాపలా రాకు," అన్నది.

నయమైతే కొండగట్టు మీద అంజన్న గుడిలో నిద్ర చేయిస్తానని మమ్మల్ని కన్న అవ్వ మొక్కుకుంది. తీసుకుపోయింది. వాళ్లు గుట్ట మీద ఉండగానే ఆస్పత్రి తేదీ దాటిపోయింది, గోలీలూ అయిపోయాయి. దిగి రాగానే ముగ్గురం కరీంనగర్ పోయాం. ఎందుకు రాలేదని అసిస్టెంటు గద్దించాడు. అవ్వ సంతోషం ఆపుకోలేక, "అంజన్న నయం జేసిండు సారూ. మొక్కు అప్పజెప్పి వచ్చినం," అన్నది.

వరండా అంతా వినేట్టు అతనన్నాడు: "గట్లనా? అయితే గోలీలు సుత అంజన్ననే అడుగు, పో."

జనం నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. తేదీ తప్పినవాళ్లను తీసేయడం రూలన్నాడు డాక్టరు. నేను మళ్లీ మళ్లీ పోయి కొట్లాడాను. చివరికి గేటు దగ్గరే ఆపేశారు.

ఒకరోజు ఇంట్లోనే చెల్లెకు మూర్ఛ వచ్చింది. ఏటికి పోవద్దని అవ్వ మొత్తుకుంది. "ఒక్కసారి వస్తే ఏమైతదే అవ్వా? నాకు నయమైంది," అని చెల్లె బట్టల మూట ఎత్తుకుని పోయింది. మోకాలి లోతు నీళ్లలో మళ్లీ మూర్ఛ వచ్చింది. అంత తక్కువ నీళ్లలో పోయింది నా చెల్లె.

దినాలయ్యాక, ఆమెకు ఇచ్చింది అసలు మందేనా అని అడగడానికి పోయాను. ఆ కాగితాలు కంపెనీవాళ్లు తీసుకుపోయారన్నాడు డాక్టరు. కూర్చోమని కూడా అనలేదు.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది. "ఏమన్నరు కొడుకా? నేను గా మాట అనకుంటే ఇచ్చెటోళ్లా?"

"నీ మాటతోని గాదు. ఎట్లయినా ఆపెటోళ్లేనంట," అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది.

"అబద్ధం సుత సక్కగ ఆడరాదు నీకు," అని గోడవైపు తిరిగి పడుకున్నది.