ఎక్స్‌రే అయ్యవారి వెదుర్లు

మా ఎక్స్‌రే అయ్యవారు పోయారు. పోయిన పదకొండో రోజున మా ఊరి రీడింగు రూము కమిటీవారు సంతాప సభ పెట్టారు. ఆ సభ పందిరికి పాతిన వెదుర్లు ఆయనవే. రీడింగు రూము వెనక రాళ్ల బీడులో మూడేళ్లు ఆకాశానికి చెవి ఒగ్గి నిలబడిన వెదుర్లను పీకారు. వాటి రాగి కడ్డీలు ఊడదీసి మూలకు విసిరారు. పైన గుడ్డ కప్పి, ఆ నీడలో కూర్చుని, ఆయన శానా మంచివాడని గంటసేపు మాట్లాడారు. ఆయన రాసిపెట్టిన అయిదు నోటు పుస్తకాలను బీరువాలో పడేసి తాళం వేశారు. ఫోటోకు దండ వేసి పనికి తాళం వేస్తే దాన్ని సంతాపం అనరు.

ముందు ఈ మాట చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాలేదు. నేను వేరుశనగ మిల్లులో ఇంజను నడిపేవాణ్ణి. అక్షరాలు బస్తాల మీది ముద్రలు చూసి నేర్చుకున్నాను. నా మాట మొరటుగా ఉంటే ఉండనీయండి.

అయ్యవారు బడిపంతులు కాదు. కడపలో ఒక ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో ఇరవై ఏళ్లు పనిచేశారు. చేతులు చెడి పని మానుకున్నాక, కమలాపురం దారిలో ఉన్న మా ఊరికి, తన తండ్రి కట్టిన రెండు గదుల ఇంటికి వచ్చారు. కర్నూలు నుంచి రాజధాని లేచిపోయిన ఏడాది అది. ఒక సైకిలు, ఒక బైబిలు, యుద్ధంలో మిగిలిన సరుకు అమ్మే చోట మదరాసులో కొన్న ఇనప్పెట్టెలాంటి రేడియో, ఆసుపత్రి డాక్టరమ్మ చదివి పక్కన పడేసిన ఇంగ్లీషు సైన్సు పత్రికల కట్ట. ఆయన తెచ్చుకున్న సామాను అంతే.

ఆ రేడియోలో పాటలు రావు. దానికి ఆయన రెండు వెదురు చట్రాలు కట్టి, అడ్డంగా రాగి కడ్డీలు బిగించి, తూర్పున ఒకటి, పడమర ఒకటి, యాభై అడుగుల ఎడంలో పాతారు. మా ఊరివాళ్లు వాటిని చేపముళ్లు అన్నారు. అచ్చం అట్లాగే ఉండేవి. రీడింగు రూము కమిటీ అప్పట్లో సంతోషంగా ఒప్పుకుంది. ఆ బీడులో తుమ్మ చెట్టు కూడా మొలవదు కాబట్టి ఒప్పుకోవడానికి వాళ్లకు పోయేదేమీ లేదు.

నాకు ఆయన పరిచయమైంది తగాదాతోనే. కార్తీక మాసం. కొత్త వేరుశనక్కాయ మిల్లుకు దిగుతున్న రోజులు. సాయంత్రం నాలుగు గంటలకు చేతికి గుడ్డ చుట్టుకున్న ఒక సన్నటి మనిషి ఇంజను గది గడపలో నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈ ఇంజను చూసేది నువ్వేనా?"

"నేనే. ఏం గావల్ల?"

"నా రేడియోలో నాలుగ్గంటలకు గరగరా అని ఒక చప్పుడు వస్తాండాది. నీ ఇంజను నిప్పురవ్వ ఎగిరితే కూడా అట్లే వస్తాది. ఒక్క గంట ఆపుతావా?"

నాకు ఒళ్లు మండింది. "ఇంజను ఆపితే నా కూడు ఆగుతాది. నీ రేడియో ఆపుకో పో."

ఆయన కోపగించుకోలేదు. కాసేపు నిలబడి ఇంజను కేసి చూశారు. "ఆపొద్దులే. ఎప్పుడు మొదలుపెడతాండావో, ఎప్పుడు ఆపుతాండావో, అది మాత్రం రాసిపెట్టు."

"నాకు రాయను రాదు."

"గీతలు గీసేది వస్తాదా?"

ఇంట్లో తండ్రి నాటి గోడ గడియారం ఉందని చెప్పి, తన చేతి గడియారం విప్పి అక్కడి మేకుకు తగిలించిపోయారు. పెద్ద ముల్లు, చిన్న ముల్లు రెండూ ఎట్లా చూడాలో అక్కడే నిలబడి నేర్పారు. నేను దొంగనైతే? ఆ ఆలోచన ఆయనకు వచ్చినట్టే లేదు. ఆ రోజు నుంచి మిల్లు గోడ మీద బొగ్గుతో గీతలు గీశాను. అవి ఇప్పటికీ ఉన్నాయి.

రెండు వారాలకు మిల్లు బెల్టు తెగింది. కొత్తది కడప నుంచి రావాలి. ఆ రోజంతా ఇంజను చల్లగా పడి ఉంది. నేనే పరుగెత్తిపోయి చెప్పాను. ఇద్దరం ఆ ఇనప్పెట్టె ముందు కూర్చున్నాం. మూడు గంటలు కావస్తుండగా దాని మీది ముల్లు కదిలింది. ఊయల ఊగినట్టు మెల్లగా లేచింది, పడింది. మళ్లీ ఇంకొంచెం ఎత్తుకు లేచింది, పడింది. ఊళ్లో ఏ యంత్రమూ నడవడం లేదు. నా చేతులకు ఆ రోజు నూనె మరక కూడా లేదు.

"నీ ఇంజను నిర్దోషప్పా," అన్నారు అయ్యవారు.

"నేను ముందే చెప్పలే? మా ఇంజనుకు బద్ధకముండాది గాని దొంగబుద్ధి లేదు."

ఆయన పగలబడి నవ్వారు. నాలుగు గంటలకు వచ్చే చప్పుడు మూడు గంటలకు ఎందుకు వచ్చిందన్నది ఆయన్ను పట్టుకుంది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతోంది. ఆయనకు కారణం తెలుసేమో, మా నోట వినాలని ఆగారేమో, నాకు తెలియదు. మా మిల్లులో చాటలతో కాయలు చెరిగే అవ్వ ఒకామె ఉంది. మరుసటి రోజు ఆమె చెరుగుతూ చెరుగుతూనే తల ఎత్తకుండా అంది:

"దాంట్లో వింతేముండాది అయ్యోరా? పిల్లలకోడి చుక్కలు కూడా అంతే గదా. ఈ నెల జాముకు పైకొస్తే వచ్చే నెల ఇంకా ముందే వస్తాది. చుక్క అయినాక దినదినమూ ముందుకు జరగల్ల."

అయ్యవారు చటుక్కున నోటు పుస్తకం తీసి ఆ మాట ఉన్నది ఉన్నట్టు రాసుకున్నారు. "ఇది చుక్కల వేళ పాటిస్తాండాది. మన వేళ కాదు," అన్నారు. పగటిపూట, ఎండలో, ఎవరికీ కనపడని ఒక చుక్క చప్పుడు మా ఊరి బీడులో దిగుతోందని మాకు అట్లా తెలిసింది.

ఆ రోజు నుంచి నేను ఆయన మనిషిని. రేడియో బ్యాటరీ మా ఇంజను డైనమోతోనే ఛార్జి చేసేవాణ్ణి. ఆయన నాకు చెప్పిన మొదటి మాట ఇది: "అనుమానం వస్తే ముందు మన ఇంజను ఆపి చూడల్ల." ఏ విషయంలోనైనా ఆయన అంతే. తన వెదురు వదులైందేమో, తన తీగ తెగిందేమో, తన గడియారం తప్పిందేమో చూసుకుని, ఆ తర్వాతే ఆకాశం మీద మాట అనేవారు. రీడింగు రూములోని పాటల రేడియోలో వార్తల ముందు వచ్చే టిక్కులతో రోజూ గడియారం సరిచేసేవారు. రాగిసంగటి ముద్ద ముందు పెట్టుకుని కూడా ముల్లు వేళ అయిందంటే లేచిపోయేవారు. ముద్ద మీద చాట బోర్లించడం నా పని.

ఆ చప్పుడు ఏమిటని నేను అడిగితే ఆయన వెంటనే చెప్పలేదు. మాఘమాసంలో ఒక పొద్దున ఇద్దరం కమలాపురం నుంచి సైకిలు మీద వస్తున్నాం. ఎదురుగా ఒక గొర్రెల మంద, మా వెనక నుంచి ఇంకొక మంద. మేం దారి పక్కకు దిగాం. కాపర్లు ఈలలు వేస్తూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, రెండు మందలను ఒకదానిలోంచి ఒకటి దాటించారు. ఒక్క గొర్రె ఇంకో గొర్రెకు తగల్లేదు. ఎటుపోయేది అటు సందు చూసుకుని జారిపోయింది. దుమ్ము మాత్రం లేచి మమ్మల్ని కప్పేసింది.

అయ్యవారు దగ్గుతూనే నా భుజం పట్టుకున్నారు. "సూడు, సూడు. మందలు యాడున్నాయి?"

"పోయినాయి. ఒకటి అటు, ఒకటి ఇటు."

"దుమ్ము యాడుండాది?"

దుమ్ము మా ముందే ఉంది. రెండు మందలూ మలుపు తిరిగిపోయాయి. అవి కలుసుకున్న చోట మాత్రం, ఏ మందకూ చెందకుండా, అది గోడలాగా నిలబడిపోయింది.

అప్పుడు చెప్పారు. మనం పాలపుంత అనేది ఒక చుక్కల మంద. అట్లాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. కొన్ని చోట్ల అవి గుంపులు గుంపులుగా తిరుగుతాయి. ఇరుకు గుంపుల్లో ఒక మంద ఇంకో మందలోంచి దూరిపోతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎంతో ఎడం కాబట్టి చుక్కలు తగలవు. వాటి నడుమ ఉన్న పొగలాంటి పదార్థం మాత్రం ఢీకొని, వేడెక్కి, గోల చేస్తుంది. హంస పేరు పెట్టిన చుక్కల గుంపు వైపు నుంచి మనకు వచ్చే గరగర అట్లాంటి గోలేనని విదేశాల్లో పెద్దవాళ్లు అంటున్నారు. అది బయలుదేరినప్పుడు భూమ్మీద మనిషి లేడు.

"నిజమేనా అయ్యోరా?"

"కాదనేవాళ్లూ ఉండారు. తగాదా నడుస్తాండాది. తగాదా తీరల్లంటే దుమ్ము యాడుందో చూడల్ల." ముఖం మీది దుమ్ము తుడుచుకుంటూ అన్నారు: "ఆ పొగ బాగా కాగితే, నా గదిలో పుట్టే వెలుగే ఆడ కూడా పుట్టొచ్చు. ఎక్స్‌రే. గాలి అడ్డముండాది, కిందికి దిగదు. గాలి పైకి పోయి చూసేవాడు ఒకడు వస్తాడు. చెవి ఒకటే చాలదప్పా, ఆ కన్ను కూడా కావల్ల."

ఆ వెలుగు గురించి ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అది ఆయన చేతులు తినేసింది. ఆ సంగతి ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. చాటల అవ్వే చెప్పింది.

"నా మనవడు చెయ్యి ఇరగ్గొట్టుకుంటే కడపకు ఎత్తుకపోతిమి. వాడు ఆ మిషను చూసి ఒకటే ఏడుపు, కదులుడు. ఈయప్పే వాణ్ణి పట్టుకున్న్యాడు. ఉండేది ఒకటే జత తోలు తొడుగులు. అవి నా చేతులకు తొడిగి, నువ్వు కాళ్లు పట్టుకోమ్మా అని, తాను వట్టి చేతులతో పట్టుకున్న్యాడు. ఎంతమంది పిల్లోళ్లను పట్టుకున్న్యాడో!"

ఇరవై ఏళ్లు. మొదట గోళ్లు నల్లబడ్డాయి. తర్వాత పుండ్లు. మానిన పుండు మళ్లీ లేచేది. ఆముదం రాసి గుడ్డ చుట్టుకునేవారు. నిరుడు మదరాసులో ఎడమ చెయ్యి తీసేశారు. తిరిగి వచ్చిన రోజున ఆయన అడిగిన మొదటి మాట: "ముల్లు ఎన్ని గంటలకు లేస్తాండాది?" చెప్పాను. లెక్క సరిపోయిందని తల ఊపారు. కుడిచేతి వేళ్లకు పెన్సిలు నిలవకపోతే, అప్పటికి రాయడం నేర్చుకున్న నేను అయిదో పుస్తకం రాశాను. ఆయన నిమిషానికి ఒకసారి అంకె చెప్పేవారు, నేను రాసేవాణ్ణి. నేను తొందరపడి అంకె ఊహించి రాస్తే మాటతోనే పట్టుకునేవారు: "నువ్వు సూసింది రాయి. నాకు ఇష్టమైంది రాయొద్దు."

ఒకసారి అడిగాను, మనం ఏం కనిపెట్టినట్టని. "ఏమీ లే. వాళ్లు ఉండాది అన్న్యారు. ఈడినుంచి మనమూ సూసినాం. ఉండాది. అంతే." ఆయన గొంతులో ఇసుమంత చిన్నతనం లేదు. ఆ 'అంతే' కోసమే మూడేళ్లు ఎండలో కూర్చున్నారు.

చివరి రోజుల్లో చంకలో గడ్డ లేచి మాట కష్టమైంది. వెదుర్లు జాగ్రత్త అన్నారు. పుస్తకాలు రీడింగు రూములో పెట్టమన్నారు. ఎవరైనా చదువుకోవడానికని. ఆ మాట ప్రకారం నా చేతులతో నేనే తీసుకుపోయి పెట్టాను. పెట్టి తప్పు చేశాను.

సభ ముగిశాక కార్యదర్శి దగ్గరికి పోయాను.

"ఏమిరా, బీరువాతో నీకేం పని?"

"ఆ పుస్తకాలు కావల్ల సామీ. వెదుర్లు మళ్లీ పాతల్ల. కడ్డీల కొలతలు, తీగల పొడుగులు అన్నీ వాటిలోనే ఉండాయి. కార్తీకం వచ్చింది, ఈ ఏడు లెక్క తెగిపోతాది."

ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేట్టు నవ్వాడు. "తిరగేసి చూసినాలేరా. మిల్లు బెల్టు తెగిందని రాసుండాది. గొర్రెలని రాసుండాది. పిల్లలకోడి సంగతి ఒక ముసల్ది చెప్పిందని రాసుండాది. ఇదేం సైన్సు? కాలేజీ పెద్దమనిషి ఎవరన్నా చూసి సరే అంటే అప్పుడు ఆలోచిస్తాం."

"ఆ పెద్దమనిషి ఎప్పుడొస్తాడు?"

"వచ్చినప్పుడొస్తాడు."

కార్యదర్శిగారూ, మీరు ఎగతాళి చేసిన ఆ పేజీలే అసలు పని. బెల్టు తెగిన రోజు లేకపోతే అది ఆకాశం చప్పుడని ఎట్లా తెలుస్తుంది? ముసలామె మాట లేకపోతే అది చుక్క అని మాకెవరు చెప్పారు? అనుమానం వచ్చినవన్నీ రాసి, ఏది ఎందుకు తోసేశామో కూడా రాసినవాడి పుస్తకం అది. పెద్దమనిషి వస్తే రానీయండి, ఆయనకూ చూపిస్తాం. అంతదాకా పని ఆగదు.

ఆ వెదుర్లు మీ పందిరి గుంతల్లోనే ఇంకా ఉన్నాయి. మొన్న సాయంత్రం ఆ పక్కగా పోయాను. గుడ్డ విప్పేశారు. వట్టి వెదుర్లు నిలబడి ఉన్నాయి, కడ్డీలు కట్టిన చోట తీగ రాపిడి గుర్తులతో. వాటి పైన, కంటికి కనపడకుండా, రెండు మందలు దాటిపోయిన దుమ్ము వచ్చే వేళ అది. వినడానికి కింద చెవి లేదు.

ఈ పత్రిక చదివేవారందరి ముందు అడుగుతున్నాను. అయిదు పుస్తకాలు బీరువాలోంచి తీసి, అడిగిన ఎవరికైనా చదవనివ్వాలి. వెదుర్లు, కడ్డీలు తిరిగి ఇవ్వాలి. బీడులో పాత గుంతల్లోనే వాటిని పాతుకోనివ్వాలి. దీనికి రాతమూలంగా జవాబు కావాలి.

గడువు కూడా చెబుతున్నాను. ఈ వారం ఆ చప్పుడు సాయంత్రం ఆరు గంటలకు మా ఊరి నడినెత్తికి ఉత్తరంగా వస్తోంది. పుస్తకాలు లేకపోయినా ఈ లెక్క నా తలలో ఉంది. రోజుకు నాలుగు నిమిషాలు. ముప్పై రోజులకు అది నాలుగు గంటలకు వస్తుంది. జవాబు ఆ రోజు నాలుగు గంటల లోపల రావాలి.

రాకపోతే సరిగ్గా నాలుగింటికి మిల్లు ఇంజను ఆగుతుంది. చాటల అవ్వతో సహా మేమందరం వచ్చి మీ రీడింగు రూము మెట్ల మీద కూర్చుంటాం. కూడు ఆగినా సరే. ఆయన వచ్చి అడిగిన వేళ కూడా అదే. ఆ రోజు నేను ఆపలేదు.