గొంతు నాదే, మాట నాది కాదు

బోరబండ గల్లీల్లో పొద్దునే తోపుడు బండి వెనక నడిచే రుక్కమ్మకు ఒక పాడు అలవాటు ఉంది. కూరగాయలు అమ్ముకుని బతికే మనిషికి ఉండకూడని అలవాటు. తన బండి మీది సరుకును తానే తిట్టుకుంటుంది.

"బెండకాయ లేతగున్నది, తీస్కోండ్రి! టమాట మాత్రం ఇయ్యాల వద్దు, ఉత్త నీళ్లు! వంకాయల పురుగున్నది తల్లీ, ఏం జెయ్యాలె, మార్కెట్ల గదే దొరికింది, కోసేటప్పుడు జర సూస్కోండ్రి!"

మొగుడు ఐలయ్య సెంట్రింగు పనికి పోతూ ఈ కేకలు విని తల పట్టుకునేవాడు. "నీ సరుకును నువ్వే బద్నాం జేస్తే ఎవలు కొంటరే?" అనేవాడు. కొనేవాళ్లు. పై అంతస్తుల ఆడవాళ్లు కిందికి తొంగి కూడా చూడకుండా తాడుతో బుట్ట దించేవాళ్లు. రుక్కమ్మ గొంతు వినబడితే చాలు, కాయ చూడనక్కర్లేదని వాళ్ల ధీమా.

అలాగని ఆమెను దేవతను చేసి కూర్చోబెట్టకండి. బండికి అడ్డం వచ్చిన ఆటోవాడిని ఏడు తరాలు వెనక్కి వెళ్లి తిడుతుంది. నచ్చనివాళ్లకు కొసరుగా ఒక్క కరివేపాకు రెబ్బ వేయదు. అబద్ధం మాత్రం ఆడదు. ఆ ఒక్క గుణం మీదే ఇరవై ఏళ్లుగా ఆ బండి నడుస్తోంది.

ఆ గొంతు మీద ఒక కంపెనీ కన్ను పడింది. రుక్కమ్మ కూతురు పింకీ డిగ్రీ చదువుతోంది. తెలంగాణ యాసలో మాట్లాడే ఆడవాళ్ల గొంతులు కావాలని, రికార్డు చేయించుకుంటే డబ్బులిస్తారని ఫోనులో చూసి తల్లిని మాదాపూర్ తీసుకెళ్లింది. అక్కడ చల్లటి గదిలో లోహిత్ అనే కుర్రాడు ఎదురొచ్చాడు. కాకినాడ వైపు పిల్లవాడు, మాట మహా మర్యాద. "రండి రుక్కమ్మగారూ, ముందు మంచినీళ్లు తాగండి" అని కుర్చీ లాగి వేశాడు.

పింకీ తెర మీది వాక్యాలు చదివి వినిపిస్తే చదువు రాని రుక్కమ్మ వాటిని తిరిగి చెప్పింది. చివర్లో లోహిత్, "ఇప్పుడు మీరు రోజూ బండి దగ్గర ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి" అన్నాడు. రుక్కమ్మ రెచ్చిపోయింది. పక్క గదుల్లో వాళ్లు కూడా లేచి వచ్చి అద్దంలోంచి చూశారు.

"ఇదంతా దేనికి బాబూ?" అని అడిగింది పైట సర్దుకుంటూ.

"యంత్రాలకు మన తెలుగు నేర్పడానికండి."

ఆ మాటకు రుక్కమ్మ పొంగిపోయింది. వచ్చిన డబ్బుతో బండికి కొత్త చక్రాలు వేయించింది. మిషిన్‌కు నేను పంతులమ్మనైన అని గల్లీ గల్లీకి చెప్పుకుంది. ఎవరు కాదంటారు? మనకు ఇలాంటి సంబరం ఎన్నేళ్లకొకటి వస్తుంది గనక!

వానలు పడే రోజుల్లో పక్కింటి కమలమ్మ పడిపోయింది. కమలమ్మ జాకెట్లు కుడుతుంది. రుక్కమ్మకంటే పెద్దది, కొత్త కోడలిగా వచ్చిన రుక్కమ్మకు ఈ బస్తీలో మొదటి చాయ్ పోసింది ఆమే. చాలా కాలంగా షుగర్ ఉంది. కుట్టు మిషను మీద పని చేస్తూ చేస్తూ పక్కకు ఒరిగిపోయింది. సర్కారు దవాఖానలో డాక్టరు చూసి, గోలీలు మానేసిందని చెప్పాడు.

రుక్కమ్మ మంచం పక్కన నిలబడి మొదలుపెట్టింది. "గోలీలు ఎందుకు బంద్ జేసినవ్ అక్కా? నీకు పిచ్చి లేసిందా?"

కమలమ్మ ఆమె వైపు తల తిప్పింది. "నువ్వే గదనే బంద్ జెయ్యమన్నవ్."

"నేనా?"

"లగ్గానికని చేవెళ్ల పోలే? ఆడికెల్లి ఫోన్ జెయ్యలే? 'ఈ పొడి తిను అక్కా, ఇగ గోలీల పని లేదు, నీకు నేను చెడ్డది ఇస్తనా' అన్నవ్. నంబర్ వేరే ఉంటే మీ చెల్లె ఫోన్ అనుకున్న. నువ్వన్నవ్ గదా అని తెప్పిచ్చుకున్న." కమలమ్మ గోడవైపు తిరిగిపోయింది. "నీ మాట మీద తిన్న రుక్కీ."

జబ్బు మత్తులో ఏదో వాగుతోందని రుక్కమ్మ మొదట అనుకుంది. మర్నాడు చాయ్ తీసుకుని వచ్చేసరికి దిండు కింద కమలమ్మ ఫోను మోగుతోంది. ఆమె నిద్రలో ఉంది. రుక్కమ్మ ఎత్తింది.

"అక్కా, పొడి అయిపోవచ్చిందా? ఇంకో డబ్బా పంపియ్యాల్నా?"

చాయ్ గ్లాసు కింద పెట్టేసింది రుక్కమ్మ. అది తన గొంతే. అక్కా అనేటప్పుడు చివర్లో తాను తీసే రాగం కూడా అదే.

"ఎవలే నువ్వు?"

"నేనే అక్కా. నీ మంచి కోరేదాన్ని."

"నీ పేరేందే?"

"పేరుతోని ఏం పని అక్కా? నీ పాణం మంచిగుండాలె, గంతే."

రుక్కమ్మ తిట్లు అందుకుంది. ఆటోవాళ్లకు దాచిపెట్టినవన్నీ బయటికి తీసింది. అవతలి గొంతు ఏమాత్రం కోపం తెచ్చుకోకుండా, "కోపం జెయ్యకు అక్కా, నీకు నేను చెడ్డది ఇస్తనా?" అంది. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. రుక్కమ్మ తిట్టినందుకు రుక్కమ్మే అంత మెత్తగా బదులివ్వడం ఆ బస్తీ చరిత్రలో అదే మొదలు. ఆమెకు మాత్రం ఒళ్లంతా మండిపోయింది. ఇంట్లో దొంగలు పడి బంగారం ఎత్తుకుపోయినా ఆమెకు అంత కోపం వచ్చేది కాదు.

తన గొంతు ఇచ్చి వచ్చింది ఒక్కచోటే అని గుర్తొచ్చి, పింకీని వెంటబెట్టుకుని రైలెక్కి హైటెక్ సిటీలో దిగింది. కంపెనీ ఇప్పుడు మాదాపూర్ గది వదిలి పెద్ద అద్దాల మేడలోకి మారింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు ఫోటో దిగితేగాని లోపలికి పంపనన్నాడు.

"గొంతిచ్చింది సాలదా? మొకం గూడ కావాల్నా మీకు? ఇయ్య పో!"

ఫోటో లేకుండా కుదరదన్నాడు వాడు. రుక్కమ్మ మెట్ల కింద నిలబడి, మేడ వైపు తలెత్తి, బండి మీద కేకేసినట్టే కేకేసింది. "ఓ లోహిత్ బాబూ! నీ మిషిన్‌కు సదువు జెప్పినదాన్ని వచ్చిన, కిందికి రా!" టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటున్న ఉద్యోగులందరూ తిరిగి చూశారు. కాసేపటికి లోహిత్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నెలల తరబడి ఆ గొంతును వింటూ పనిచేసినవాడు, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు?

లోపల కూర్చోబెట్టి అంతా విప్పి చెప్పాడు. తమ కంపెనీ గొంతులు తయారుచేసి వేరే కంపెనీలకు కిరాయికి ఇస్తుంది. షుగర్ తగ్గుతుందని పొడి అమ్మేవాళ్లు అలా తీసుకున్నవాళ్లే. వాళ్లు ఆ గొంతుతో ఏం చెప్పిస్తారో తమకు సంబంధం లేదు. "అన్ని గొంతుల్లోకీ మీదే బాగా నడుస్తోందండి. మీ గొంతు వింటే జనం ఫోను పెట్టేయరు" అన్నాడు, మెచ్చుకుంటున్నాననే అనుకుని.

"కమలక్క సచ్చిపోయేది. ఎరుకేనా నీకు?"

లోహిత్ ముఖం పాలిపోయింది. కానీ పైవాళ్లు చెప్పమన్న మాట చెప్పక తప్పలేదు. "మీరు ఒప్పుకున్నారు కదండీ" అని కంప్యూటర్ మీట నొక్కాడు. గదిలో రుక్కమ్మ గొంతు పలికింది. "నా గొంతును ఏ పనికైనా వాడుకోవచ్చు. ఇది నాకు సమ్మతమే."

పింకీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ వాక్యం చదివి వినిపించింది తనే.

రుక్కమ్మ అడిగింది. "ఇది నేనన్ననా, మీ మిషిన్ అన్నదా?"

"మీరేనండి. రికార్డింగు కదా."

"నీకెట్ల ఎరుక? అక్కతోని మాట్లాడింది గూడ నేనే అన్నట్టున్నది. ముప్పై ఏండ్ల సోపతి, ఆమెకే ఎరుక గాలే. దవాఖానల విన్న నాకే పరేషాన్ అయింది. నీకెట్ల ఎరుకైతది?"

అనలేదని తల్లి ఒక్క మాట అంటే చాలు, ఈ కంపెనీ దగ్గర ఇక రుజువు లేదని పింకీకి అర్థమైంది. బల్ల కింద నుంచి తల్లి చెయ్యి గట్టిగా నొక్కింది. రుక్కమ్మ ఆ చెయ్యి తీసేసింది.

"నేనే అన్న. మా బిడ్డ సదివింది, నేనన్న. అనలేదంటే మీకు దిక్కు లేదని నాకూ సమజైంది. గని అబద్ధం ఆడేది మీ మిషిన్, నేను గాదు. అన్న నోటితోనే ఇప్పుడు అంటున్న. నాకు సమ్మతం గాదు. తీసెయ్."

"ఇక్కడ తీసేయగలమండి. ఇప్పటికే తీసుకున్నవాళ్ల దగ్గర ఉండిపోతుంది." లోహిత్ గొంతు తగ్గించాడు. "పైవాళ్లతో మాట్లాడి మీకు నెలనెలా ఏదైనా వచ్చేలా చూస్తానండి."

"అక్క పడ్డందుకు నాకు కమీషనా?" రుక్కమ్మ లేచి నిలబడింది. "బాబూ, మీ అమ్మకు షుగర్ ఉన్నదా?"

"ఉందండి."

"ఈ పొడి తినమన్నవా?"

లోహిత్ తల దించుకున్నాడు. "లేదండి."

"మరి మా అక్కకు నా నోటితోని ఎట్ల తినమన్నవ్?"

ఆ పిల్లవాడి మీద నాకు జాలే కలుగుతోంది, కానీ జాలి పడి వదిలేయాల్సిన సంగతి కాదిది. రుక్కమ్మ కూడా వదల్లేదు. అక్కణ్నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాయించింది. రాసుకున్నారు. ఫోన్లు మాత్రం ఆగలేదు. అల్లాపూర్‌లో ఒక ముసలాయనకు, మోతీనగర్‌లో ఒక పిల్లతల్లికి కూడా ఆ గొంతుతో ఫోన్లు వచ్చాయని తెలిసింది.

మర్నాడు పొద్దున బండి తీసి, ఇరవై ఏళ్లలో ఎన్నడూ అరవని అరుపు అరిచింది.

"నా గొంతును నమ్మకుండ్రి! ఫోన్ల రుక్కమ్మ మాట్లాడితే పెట్టేయుండ్రి! పొడి అన్నా, బీమా అన్నా, నేను గాదు! గొంతు నాదే, మాట నాది గాదు!"

"ఉన్న గిరాకీ పోతదే" అన్నాడు ఐలయ్య.

"పోనీ. నా మాట మీద ఇంకొకలు మంచాన పడొద్దు."

పోయింది. నమ్మవద్దని నువ్వే అరుస్తుంటే ఎవరు మాత్రం నమ్మి కొంటారు? కుర్రకారు బాల్కనీల్లోంచి, "ఇప్పుడు అరిచేది ఎవలు, అసలా నకిలీనా?" అని ఆట పట్టించారు. బుట్టలు దిగడం తగ్గింది. తోటకూర సాయంత్రానికి వాడిపోయేది. అయినా తన గల్లీలు సరిపోవన్నట్టు అల్లాపూర్, మోతీనగర్ దాకా బండి తోసుకుపోయి, ఒక్క కాయ కొనని వీధుల్లో కూడా గొంతు పోయేలా అదే అరిచింది. తనకు అన్నం పెట్టిన నమ్మకాన్ని తన చేత్తోనే తెగ్గొట్టుకుంది. కంపెనీ తియ్యలేనన్న గొంతును పనికిరాకుండా చేయడానికి ఆమెకు అంతకంటే దారి దొరకలేదు.

వాటన్నిటికంటే ఆమెను కోసింది కమలమ్మ మౌనం. ఇంటికి వచ్చి గోలీలు వేసుకుంటోంది, కోలుకుంటోంది. మిషిన్ సంగతి పింకీ రెండుసార్లు చెప్పింది. తలుపు మాత్రం తెరవడం లేదు. రుక్కమ్మ బయటి నుంచి "అక్కా" అని పిలిస్తే లోపల కుట్టు మిషను ఆగిపోయేది. పిలిచింది ఎవరో అని ఆలోచిస్తోందని రుక్కమ్మకు తెలిసిపోయేది. ఆ తర్వాత పిలవడమే మానేసింది.

ఒక పొద్దున, ఒకప్పుడు రోజూ బుట్ట దించే పద్మావతి పై అంతస్తు నుంచి అడిగింది. "రుక్కమ్మా, టమాట ఎట్లున్నయి?"

"నేను జెప్ప. దిగొచ్చి సూస్కో. నా మాట మీద కొనకు."

పద్మావతి విసుక్కుని లోపలికి పోయింది. రుక్కమ్మ బండి కదిలించబోతుంటే పక్క తలుపు తెరుచుకుంది. కమలమ్మ గోడ పట్టుకుంటూ మెల్లగా వచ్చి బండి ముందు నిలబడింది. చిక్కిపోయింది. రుక్కమ్మ మణికట్టు దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకుంది.

"మాట్లాడు" అంది కమలమ్మ.

"ఏం మాట్లాడాలె?"

"ఏదో ఒకటి. నా మొకం సూసుకుంట మాట్లాడు."

ఎప్పుడూ తడుముకోని రుక్కమ్మ నోరు తడబడింది. "గోలీ ఏసుకున్నవా అక్కా?"

కమలమ్మ ఆ పెదవులనే చూస్తూ ఉంది. అక్కా అన్నప్పుడు రుక్కమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కమలమ్మ చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని, ఇంకా బలం రాని తన గొంతెత్తి, పై అంతస్తుల వైపు చూస్తూ అరిచింది.

"ఓ పద్మావతీ! అందరు దిగి రాండ్రి! ఇది మిషిన్ గాదు, నేను చెయ్యి పట్టుకొని సూస్తున్న! ఇది మన రుక్కమ్మనే!"