మంత్రి ఒళ్లు విదిలించిన రోజు

దూదిగుట్ట తండాలో ద్వాళి గురించి చెప్పుకునే మాటల్లో సగం నిజాలు, మిగతా సగం అంతకన్నా నిజాలు. మేళ్లచెరువు రోడ్డు మీద ఒక సిమెంటు లారీకి అడ్డంగా కర్ర పెట్టి, అరవై మేకలు తాపీగా దాటేదాకా ఆ డ్రైవర్‌ను హారన్ కొట్టడం కాదు కదా, గట్టిగా ఊపిరి కూడా తీసుకోనివ్వలేదట. ఆ డ్రైవరే తర్వాత ఆమె మొగుడయ్యాడు. పేరు హర్యా. ఇప్పటికీ లారీ దిగి ఇంటికొస్తే, లోపలినుంచి పిలుపు వచ్చేదాకా గడప అవతలే ఇంజన్ ఆపుకుని నిలబడతాడు. సూర్యాపేట సంతలో ఎవరో ఫోనులో మేక అరుపు వినిపిస్తే, “పద్దెనిమిది కిలోలు, ఎడమకాలు కుంటు, బుద్ధి తక్కువ” అన్నదట ద్వాళి. తూచి చూస్తే పద్దెనిమిది కిలోలే. బుద్ధి తూచే కాటా సంతలో లేదు కాబట్టి ఆ ముక్క నమ్మాల్సిందే.

ఆమె మందకు మకుటం ఒక మేకపోతు. నెత్తి నుంచి గిట్టల దాకా కాటుక డబ్బాలో ముంచి తీసినంత నలుపు. ఇంటి దగ్గర మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి తెచ్చిన తవుడు తప్ప ఇంకోటి ముట్టదు. ఎవరు పిలిచినా తలూపుతుంది, బయట ఎవరి చేను దొరికినా మేస్తుంది, అడిగితే గడ్డం నిమురుకున్నట్టు మొహం పెడుతుంది. అందుకని ద్వాళి దానికి ‘మంత్రి’ అని పేరు పెట్టింది.

బడి మొహం చూడని ద్వాళికి ఒకే ఒక్క కూతురు, ప్రవళిక. కోదాడలో డిగ్రీ చదివింది, అదీ రాజనీతి శాస్త్రం. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో తండా సర్పంచ్ పదవి గిరిజన మహిళకు కేటాయించారని తెలియగానే నామినేషన్ వేసింది. ఆ సాయంత్రం ద్వాళి కనిపించిన ప్రతివాళ్లనూ ఆపింది. “బ్యాలెట్ కాగితం మీద నా బిడ్డ గుర్తు అచ్చయితది. గీ చేతివేలితోని గా గుర్తు మీద ముద్రేస్త” అని వేలు ఎత్తి చూపించింది. ఆ వేలు చూసి రెండు కుక్కలు కూడా తోక ఊపాయని వినికిడి.

పోటీకి దిగిన రెండో మనిషి పూజ. ఆమె భర్త బాలాజీకి జేసీబీ ఉంది, మీసం ఉంది, అన్నింటికన్నా పెద్ద ఆస్తిగా భీమ్లా అనే చిన్నాయన ఉన్నాడు. భీమ్లా మేరమ్మ తల్లి గుడి పూజారి. తండాలో పిల్లకు పేరు పెట్టాలన్నా, బోరు వేయాలన్నా ఆయన నోట అమ్మ మాట రావాల్సిందే.

నామినేషన్ల ఉపసంహరణకు నాలుగు రోజులు ఉన్నాయనగా భీమ్లా తండానంతా గుడి ముందు కూర్చోబెట్టాడు.

“ఓట్లెందుకు? కొట్లాటలెందుకు? అన్నదమ్ములు మొహాలు సూసుకోకుండ అయితున్నరు. అమ్మనే అడుగుదం. వాపసుకు ఆఖరి రోజు పొద్దుగాల మేకపోతు మీద నీళ్లు పోసి పేరు సెప్తం. ఎవరి పేరుకు ఒళ్లు విదిలిస్తే గామెనే అమ్మ మెచ్చినట్టు. ఇంకొకామె గా పగటి మూడింటిలోపు నామినేషన్ వాపసు తీసుకోవాలె. విదిలించిన పోతును కోసుకుని అందరం కలిసి తిందం.”

ఇది తండాకు కొత్త సంగతి కాదు. మొక్కు చెల్లించేటప్పుడు మేక మీద నీళ్లు చల్లితే, అది ఒళ్లు జలజలమని విదిలించాలి. విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు, లేకపోతే అమ్మకు ఏదో కోపం ఉన్నట్టు. తాతలనాటి నుంచి ఉన్నదే. కాకపోతే తాతలు దాన్ని బోనం వరకే అడిగారు, బ్యాలెట్ దాకా తీసుకుపోలేదు. అయినా జనం సై అన్నారు. కొందరు భక్తితో, కొందరు బోటికూర మీద ఆశతో.

“మచ్చ లేని నల్లపోతు కావాలె” అన్నాడు భీమ్లా.

అందరి తలలూ ద్వాళి వైపు తిరిగాయి. అమ్మ అడిగితే కాదనే నోరు తండాలో పుట్టలేదు. ద్వాళికి కూడా లేకపోయింది.

ఇంటికొచ్చాక ప్రవళిక గిన్నెలు తోముతున్నట్టు కనిపించింది గాని, నిజానికి వాటిని కొడుతోంది. తల్లిని లంబాడీలో ‘యాడీ’ అనే పిలుస్తుంది.

“యాడీ, దేవుని పేరు సెప్పి పూజారి ఏలితే దాన్ని మతరాజ్యం అంటరు. మా పుస్తకంల ఉన్నది.”

“గంత పెద్ద ఢిల్లీ ఉండంగ, గన్ని కోర్టులు ఉండంగ, దేశం గట్లెట్ల అయితదే పిచ్చిదానా?”

“ఒక్కరోజుల కాదు. ముందుగాల గిట్లనే, కొట్లాటలెందుకు అని మంచి మాటతోని షురూ అయితది. పనిచేయని సర్పంచును ఐదేండ్లకు దించొచ్చు. అమ్మను ఎట్ల దించుతవ్? ఎదురు మాట్లాడితే పాపమంటరు. మాట్లాడేది అమ్మ కాదు, భీమ్లా కాక.”

ద్వాళి ఆ రాత్రి నిద్రపోలేదు. పుస్తకం సంగతి ఆమెకు తెలియదు గాని, భీమ్లా చేతి సంగతి బాగా తెలుసు. నలభై ఏళ్లు మేకలతో బతికిన మనిషి. నీళ్లు వీపు మీద పోస్తే మేక రాయిలా నిలబడుతుంది. చెవిలో పడితే దేవుడు వద్దన్నా విదిలిస్తుంది. చెంబు భీమ్లా చేతిలో ఉన్నంతకాలం అమ్మ ఇష్టం కూడా ఆయన చేతిలోనే ఉంటుంది. ప్రవళిక పేరుకు వీపు, పూజ పేరుకు చెవి. లెక్క తేలిపోయింది.

“ఆనికి చెంబుంటే నాకు గొంతు లేదా?” అనుకుంది.

మర్నాడు తెల్లారకముందే, మంచులో మంత్రిని గుట్ట వెనక్కి తీసుకుపోయింది. ఒకసారి దగ్గడం, వెంటనే చెవిలో నాలుగు చుక్కలు పోయడం. దగ్గు, చుక్కలు. విదిలిస్తే గుప్పెడు తవుడు. మూడు పొద్దులు ఇదే బడి. మూడోనాటికి చుక్కలు అక్కర్లేకుండా పోయింది. ద్వాళి “ఖళ్” అంటే చాలు, మంత్రి వర్షంలో తడిసి వచ్చిన ఎలుగుబంటిలా ఒళ్లంతా విదిలించేది. ఆ ఊపుకు గుట్ట మీది సీతాఫలం చెట్టుకున్న మంచు కూడా రాలిందని ద్వాళి తర్వాత చెప్పింది. ఇంకొంచెం ముందుకుపోయి సూర్యాపేటలో చలి తగ్గిందని కూడా చెప్పేదే, ఎవరూ అడగలేదు.

ఆ మూడోనాడే ప్రవళిక చెంబు పట్టుకుని గుట్ట వెనక్కి వచ్చి ఈ బడిని చూసింది.

“ఏం చేస్తున్నవ్ యాడీ?”

“నిన్ను సర్పంచును చేస్తున్న.”

“నువ్వు చేసేదేంది, కాక చేసేదేంది? ఆయన చెంబుతోని అమ్మను ఆడిస్తుండు, నువ్వు దగ్గుతోని ఆడిస్తున్నవ్. రేపు నేను తప్పు చేస్తే నన్నెవరు అడుగుతరు? అమ్మ మెచ్చిందంట అంటరు. గట్ల వచ్చే పదవి నాకొద్దు.”

“మరి నీ గుర్తు అచ్చుల ఎట్ల వస్తదే?”

“రాకపోతే రాకపోని. రేపు ఆడ దగ్గనని మాటియ్యి.”

లారీలు ఆపిన ద్వాళి కూతురు చూపును ఆపలేకపోయింది. మంత్రి కొమ్ము మీద చేయి పెట్టి, “దగ్గను” అని మాటిచ్చింది.

మాటిచ్చింది గాని, మూడు పొద్దులు మంచులో నిలబడిన ఒళ్లు మాటివ్వలేదు. తెల్లారేసరికి ద్వాళి ముక్కు చెరువైంది, గొంతులో నిజమైన దగ్గు కాపురం పెట్టింది. అల్లం, మిరియాలు, వాము, తులసి, ఆఖరికి హర్యా లారీలో దాచుకున్న ఘాటు బిళ్లలు, అన్నీ నోట్లో కుక్కుకుంది. గుడి ముందుకు వచ్చేటప్పటికి ఆమె బుగ్గలు పండుగ బూరెల్లా ఉన్నాయి.

గుడి ముందు షామియానా. మైకు కోసం కోదాడ నుంచి నాగేష్ అనే కుర్రాణ్ని పిలిపించారు. పసుపు రాసి, వేపమండ కట్టి మంత్రిని నిలబెట్టారు. తవుడు దొరికినందుకు మంత్రికి ఇదంతా సన్మానంలాగే ఉంది.

“మొదలు, హర్యా బిడ్డ ప్రవళిక” అని భీమ్లా చెంబు ఎత్తాడు. నీళ్లు సరిగ్గా వీపు మీద, ఒక్క చుక్క అటూ ఇటూ పోకుండా పడ్డాయి.

ద్వాళి గొంతులో దగ్గు తలుపు తట్టింది. ఆమె కొంగు మొత్తం నోట్లో పెట్టుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి, చెవులు ఎర్రబడ్డాయి, ముక్కుపుల్ల కూడా ఎర్రబడిందని పక్కన కూర్చున్నవాళ్లు ఒట్టేసి చెబుతారు. ఒక్క దగ్గు. ఒక్కటంటే ఒక్కటి వదిలితే బిడ్డ సర్పంచ్. ప్రవళిక దూరం నుంచి తల్లినే చూస్తోంది. ద్వాళి వదల్లేదు.

మంత్రి రాయిలా నిలబడింది.

“బాలాజీ భార్య పూజ!” చెంబు చెవి వైపు వంగింది. మంత్రి ఒళ్లు జలజలమని విదిలించింది. డప్పులు మోగాయి. బాలాజీ మీసం రెండంగుళాలు పెరిగింది.

“అమ్మ మాట అయిపోయింది. ప్రవళికా, మండలాఫీసుకు పా బిడ్డా, వాపసు కాగితం మీద సంతకం పెడుదువు” అన్నాడు భీమ్లా.

అప్పుడు నాగేష్ మైకు అందుకున్నాడు. “ఇంత మంచి కార్యక్రమానికి సౌండు ఇచ్చినవారు నాగేష్ సౌండ్స్, కోదాడండీ!”

అంతవరకే ఆగింది ద్వాళి గొంతు. కొంగు ఊడి పడింది. “ఖళ్ ఖళ్ ఖళ్!”

మంత్రి తల నుంచి తోక దాకా విదిలించింది. వేపమండ ఎగిరి పూజారి నెత్తిన పడింది.

డప్పులు ఆగిపోయాయి. “అమ్మ కోదాడ పిలగాన్ని మెచ్చిందా?” అని ఎవరో అన్నారు.

“నాకు వద్దండీ బాబూ, నాకు ఇక్కడ ఓటే లేదు!” అని నాగేష్ మైకు వదిలేశాడు.

“పోతుకు ఈగ వాలి ఉంటది. భీమ్లా మాట నమ్ముండ్రి!” అని పూజారి అరిచాడు. ద్వాళి మళ్లీ దగ్గింది. భీమ్లా పేరుకు కూడా మంత్రి విదిలించింది.

“ఆడోళ్ల పదవికి మొగ సర్పంచా!” అని ఆడవాళ్లలో నవ్వు మొదలై, షామియానా గుంజల దాకా పాకింది.

ప్రవళిక ముందుకొచ్చి మైకు తీసుకుంది. ఆమెకు అబద్ధం చేతకాదు.

“ఇనుండ్రి. కాక చెవిల నీళ్లు పోస్తే పోతు విదిలిస్తది. మా యాడీ దగ్గితే విదిలిస్తది, ఆమెనే నేర్పింది. గీండ్ల అమ్మ మాట ఏం లేదు.”

తండా మొత్తం ఆమె వైపు జాలిగా చూసింది. చదువుకున్న పిల్ల, పాపం, ఏమేమో మాట్లాడుతోంది. భీమ్లా ఔనంటే చెంబు గుట్టు బయటపడుతుంది, కాదంటే నాగేష్‌నూ తననూ కూడా అమ్మే మెచ్చినట్టవుతుంది.

ముందు వరసలో కూర్చున్న తొంభై ఏళ్ల చిన్ని అవ్వ కర్ర పట్టుకుని లేచింది. “ఏ పిల్లా, గవన్నీ నాకెందుకు? నా పేరు సెప్పు. నన్ను అమ్మ మెచ్చుతదా లేదా సూడాలె.”

మాటతో నమ్మనివాళ్లు కళ్లారా చూస్తే నమ్ముతారనుకుని ప్రవళిక సంచిలోంచి ఓటర్ల జాబితా తీసింది. “చిన్ని, వయసు తొంభై.”

“ఖళ్!” జలజల. అవ్వ నోట్లో ఉన్న రెండు పళ్లూ బయటపెట్టి నవ్వింది.

ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. నా పేరు, నా పేరంటూ వరస కట్టారు. ప్రవళిక ఇంటి నంబరు వరసనే చదువుతోంది, ద్వాళి దగ్గుతోంది, మంత్రి విదిలిస్తోంది. తాగుబోతును మెచ్చింది, తాగొద్దని కొట్లాడే పెళ్లాన్నీ మెచ్చింది. బాలాజీని మెచ్చింది, బాలాజీ జేసీబీ కింద మిరపతోట పోగొట్టుకున్నవాణ్నీ మెచ్చింది. ఆరువందల పన్నెండు పేర్లు! మూడువందల దగ్గర మంత్రికి ఒకసారి తవుడు పెట్టారు, ద్వాళికి ఒకసారి వేడినీళ్లు పట్టారు. చివరి పేరు అయ్యేసరికి నాలుగు గంటలు. మండలాఫీసులో గడువు మూడింటికే దాటిపోయింది.

చిన్ని అవ్వే తీర్పు చెప్పింది. “అమ్మ అందర్నీ మెచ్చింది. ఇగ అందరం పోయి ఓటేసుడే.”

“గట్లనే! అమ్మ మాట!” అని తండా కేకలేసింది.

ప్రవళిక నెత్తి పట్టుకుంది. “ఓటేయడానికి కూడా అమ్మ ఆర్డరే కావాల్సొచ్చిందా మీకు!” అని నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఇక పోతును కోసే మాట వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఎవరి పేరుకు విదిలిస్తే వాళ్లే ఆ పోతును కోసి ఊరికి పెట్టాలి. ఆరువందల పన్నెండు మంది యజమానులు. తల ఎవరిది, కాలు ఎవరిది అని పంచుకోవడం చూస్తే ఒక్కొక్కరికి ఒక వెంట్రుక కూడా మిగిలేలా లేదు. భీమ్లా కత్తి సంచిలో పెట్టుకున్నాడు.

పోలింగు రోజు ద్వాళి కొత్త చీర కట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది. అట్టపెట్టె చాటున కాగితం విప్పింది. చదవడం రాకపోయినా, ఏ గుర్తు తన బిడ్డదో ప్రవళిక ముందే చూపించింది. అచ్చు మీద వేలు పెట్టి తడిమింది. తడి సిరా కాదు, ఎండిన నిజమైన అచ్చు. గొంతులో మిగిలిన చివరి దగ్గు లేవబోయింది. అక్కడ ఆమెను చూసేవాళ్లు ఎవరూ లేరు, పూజారి లేడు, పోతు లేదు. హాయిగా దగ్గి, ముద్ర వేసి బయటికొచ్చింది.

సాయంత్రం లెక్కిస్తే ప్రవళిక పంతొమ్మిది ఓట్లతో గెలిచింది. భీమ్లా దండ తెచ్చి, “అమ్మ మెచ్చింది బిడ్డా” అన్నాడు.

“అమ్మ కాదు కాకా. నన్ను వద్దన్నోళ్లు దాదాపు మూడు వందల మంది ఉన్నరు. రేపు పొద్దుగాల మొదలు వాళ్ల వాడకే పోవాలె” అంది ప్రవళిక. “నువ్వు కూడ రా. నువ్వూ వద్దన్నోళ్లలనే ఉన్నవ్ కదా?”

ద్వాళి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకు మళ్లీ దగ్గు వచ్చింది. పక్కన కట్టేసిన మంత్రి ఒక్కసారిగా ఒళ్లు విదిలించింది. భీమ్లా ఉలిక్కిపడి, ఎవరి పేరు చెప్పారా అని చుట్టూ చూశాడు.