గాలిమరల దిబ్బ మీద తొలి చుట్టం

ఇగ్నాట్ పని వినడానికి హాయిగానే ఉంటుంది. దిబ్బ మీద గుడిసెలో కూర్చుని ఆకాశం చూడటమే. చలికాలంలో బల్గేరియా తీరానికి వలస వచ్చే ఎర్రరొమ్ము బాతులు పగలు గోధుమ చేలలో మేసి, చీకటి పడేలోగా సముద్రం మీదికి తిరిగిపోతాయి. అవి గాలిమరల దారిన వస్తే, రెక్కలు తగిలి చావకుండా ఫోన్ చేసి "ఆపు" అనాలి. కరెంటు కంపెనీ ఆఫీసులో జ్లాతీనా మీట నొక్కుతుంది. ఎందుకని అడగదు. ఆయన మాటే శాసనం.

భార్య రూజా పోయింది. ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. రోజూ ఆయనతో మాట్లాడేది ఫోన్‌లో ఆ పిల్ల జ్లాతీనా గొంతు ఒక్కటే. ముఖం ఎన్నడూ చూడలేదు.

ఆ రోజు, ఏటా డిసెంబరులో వచ్చే ఇగ్నాట్ పేరున్నవాళ్ళ పండుగ. ఆ పండుగకు ఎవరినీ పిలవరు, రావలసినవాళ్ళే వస్తారు. గడపలో మొదట అడుగు పెట్టినవాళ్ళను బట్టే ఆ ఇంటికి ఏడాదంతా మంచైనా చెడైనా. డ్యూటీ ఉంది కనుక ఇగ్నాట్ గుడిసెనే ఊడ్చుకున్నాడు. రొట్టె, అక్రోట్లు, ఊరబెట్టిన క్యాబేజీ, ద్రాక్ష సారా సర్దాడు. గ్లాసులు రెండు పెట్టాడు. ఆ బురదలో, ఆ మంచులో ఎవడొస్తాడండీ? అయినా మనసు ఊరుకోదు కదా. మధ్యాహ్నానికి దారి చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. ఇక పట్టలేక ఫోన్ తీశాడు.

"ఆపు!"

దూరంగా రెక్కలు నెమ్మదించి నిలిచిపోయాయి.

"ఆపేశాను బాబాయ్. గుంపు పెద్దదా?"

ఇగ్నాట్ అబద్ధం ఒకటి ఆడాడు, రెండోది రాలేదు.

"ఏమీ లేవమ్మా. ఇవాళ నా పండుగ. ఎవరూ రాలేదు. ఊరికే... నీ గొంతు విందామని."

"బాగుంది సంబడం! మాట్లాడాలంటే మాట్లాడాలనే చెప్పొచ్చుగా? ఇలాగైతే రేపు మీరు నిజంగా అరిచినా నేనెలా నమ్మేది?"

ఫోన్ పెట్టేసింది. శుభాకాంక్షలు కూడా చెప్పలేదు. గాలిమరలు మళ్ళీ తిరిగాయి. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా! ఇగ్నాట్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

పొద్దు వాలుతుండగా మంచులోంచి కలకలం వినిపించింది. బాతులు! ఎంత కిందుగా వస్తున్నాయో, నేరుగా గాలిమరల మీదికే.

"ఆపు జ్లాతీనా, ఆపు!"

"మళ్ళీనా బాబాయ్?"

"నీకు దణ్ణం పెడతాను తల్లీ, నిజంగానే వచ్చాయి!"

రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత నెమ్మదించాయి, ఆగాయి. గుంపంతా గుడిసె మీదుగా అరుచుకుంటూ సముద్రం వైపు సాగిపోయింది.

"బాబాయ్, అన్నీ దాటాయా?"

"ఒకటి పడింది."

ఆ పిల్ల ఏడుపు వినిపించింది. "నేను అడక్కుండా నొక్కాల్సింది..."

"నీ తప్పేం లేదమ్మా. అడిగేలా చేసింది నేనే."

టార్చి పట్టుకుని చేలో వెతికాడు. బాతు ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, మెడ మాత్రం వాలిపోయింది. కోటు విప్పి దాన్ని చుట్టి, గుడిసె దాకా తెచ్చి గడప ముందు ఆగిపోయాడు. పొద్దుటి నుంచి ఆయన తప్ప ఆ గడప ఎవరూ దాటలేదు.

"రా తల్లీ, బయట చలిగా ఉంది" అంటూ లోపలికి తీసుకెళ్ళాడు.