పిక్కలో గడ్డకట్టిన నెత్తురు

ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి లేవబోతే ఎడమకాలు సహకరించలేదు. పిక్క గట్టిగా, వేడిగా ఉంది.

విజయనగరంలో ఒక గోనె మిల్లు ఆఫీసులో నేనూ రవణమ్మా టైపిస్టులం. కాగితాలూ మంచినీళ్లూ ప్యూనే తెచ్చిచ్చేవాడు. మధ్యలో లేస్తే మేనేజరు గారికి గిట్టదు.

సాయంత్రానికి కాలు బాగా వాచింది. "ఏటే ఇది, కాలిలా పొంగిపోనాది?" అంటూ మా అత్తగారు ఆవదం వెచ్చబెట్టి పిక్క పిసికారు. ఆవిడకి మాత్రం ఏం తెలుసు? తెల్లారేసరికి నాకు ఊపిరందలేదు. దగ్గితే నెత్తురు పడింది.

మా ఆయన టాక్సీలో విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. ఎక్స్‌రే, ఈసీజీ తీశారు.

"మాలిష్ చేశారా?" అన్నారు డాక్టరు గారు. "చెయ్యకూడదమ్మా. ఇది డీప్ వీన్ త్రాంబోసిస్, అంటే కాలి లోపలి సిరలో నెత్తురు గడ్డకట్టడం. ఆ గడ్డ ముక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఏం పని చేస్తావు?"

చెప్పాను.

"గంటలకొద్దీ కదలకపోతే కాళ్లలో నెత్తురు నిలవుండిపోతుంది," అన్నారు.

నెత్తురు గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు మొదలెట్టారు. కొన్నాళ్లకి చిగుళ్లలోంచి నెత్తురు కారడంతో మందు తగ్గించారు. మళ్లీ కాలు వాచింది.

రవణమ్మ చూడ్డానికొచ్చింది. "నాకూ కుడిపిక్క లాగుతన్నాదే," అంది.

"ఇక్కడే డాక్టరుకి చూపించు."

"నెలాఖరు పని అవనీ. ఇప్పుడు సెలవడిగితే ఊరుకుంటారేటి?"

ఆ నెలాఖరు ఆమె చూడలేదు. టైపు మిషను దగ్గరే ఒరిగిపోయిందని మా ఆయన చెప్పారు. అందరూ గుండె ఆగిందన్నారు; నాకు మాత్రం ఆమె కుడిపిక్కే గుర్తొచ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

కుంటుకుంటూనే మళ్లీ పనిలో చేరాను. ముందు మేనేజరు గారి గదికి వెళ్లాను. "ఆ కుర్చీలో ఇంకొకర్నీ అలాగే కూర్చోబెడతారా సార్?"

ఆయన చేతిలో కాగితం పక్కన పెట్టారు. "ఏం చెయ్యమంటావమ్మా?" అన్నారు.

డాక్టరు గారినడిగి తెలుసుకున్నదే చెప్పాను. నీళ్లకుండ వరండా చివరికి మార్చారు. ఎవరి కాగితాలు వాళ్లే తెచ్చుకోవాలన్నారు. టైపు చేసినవి నిలబడి సరిచూసుకోడానికి ఎత్తుబల్ల వేయించారు. మిల్లు కూత వేసినప్పుడల్లా అందరం లేచి వరండాలో నడవాలి. గుమస్తాలు "డ్రిల్లు మాస్టరమ్మా" అని నవ్వేవారు. కొత్తగా వచ్చిన టైపిస్టు, "పని తెగిపోతన్నాదండీ," అని ఇప్పటికీ విసుక్కుంటుంది. నేనే చెయ్యి పట్టుకు లేపుతాను.

నా కాలు మామూలు కాలేదు. రోజూ క్రేప్ బ్యాండేజీ చుట్టుకునే ఆఫీసుకి వెళ్తాను. మెట్లెక్కితే ఆయాసం.

ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే పిసక్కండి. సెలవు దొరికేదాకా ఆగకండి. ఆ రోజే డాక్టరుకి చూపించండి.