ఇబ్రహీంపట్నంలో అమ్మ ఇచ్చిన మాట

పెద్దవాళ్ళలో మతిమరుపుకీ ఒంటి నీరసానికీ సంబంధమేమిటో తెలుసుకోవడానికి ఇబ్రహీంపట్నంలో కొందరు డాక్టర్లు పరిశోధన చేస్తున్నారని పక్కింటావిడ చెప్పింది. మా అమ్మకు మరుపు మొదలై చాలాకాలమైంది. నన్ను పోల్చుకోలేని రోజులు ఎక్కువవుతున్నాయి. ఏదైనా మందు దొరుకుతుందేమోనన్న ఆశతో అమ్మను తీసుకుని బయల్దేరాను.

ఉదయం ఏడున్నరకు హయత్‌నగర్‌లో మా ఇంటి నుంచి ఆటోలో ఎల్.బి.నగర్ చేరి, సాగర్ రోడ్డు బస్సెక్కాం. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి ఈ వేళే మంచిది. నగరానికొచ్చే బస్సులు కిక్కిరిసి ఉంటాయి గాని, అటు వెళ్ళేవి దాదాపు ఖాళీ. అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

తుర్కయాంజాల్ దాటాక పొలాలు మొదలయ్యాయి. పేరుకే పొలాలు. భూముల ధరలు రోజుకో రకంగా పెరుగుతున్న కాలం అది. ఎర్రమట్టిలో తెల్లరాళ్ళు పాతి, రోడ్డు పక్కన రంగురంగుల ఆర్చీలు కట్టారు. వాటి వెనక ఇళ్ళు లేవు, పలచటి మంచు మాత్రం ఉంది.

"ఇవాళ ముహూర్తాలు బాగున్నట్టున్నాయే. ఎన్ని పందిళ్ళో!" అంది అమ్మ.

ఆ మాట విన్నాక నాకూ అవి పందిళ్ళలాగే కనిపించాయి. పెళ్ళివారు ఇంకా రాని పందిళ్ళు.

మా ముందు సీట్లో ఒక ముసలి జంట. ఆయన పేరు మల్లయ్య, చేపలు పట్టేవాడట. పక్కనున్నామె ఆయన్ని "బాపూ" అని, కన్నతండ్రిని పిలిచినట్టు పిలుస్తుంటే వింతగా చూశాను.

"నా పెండ్లామే అమ్మా, అంజమ్మ" అన్నాడాయన. "నిరుటి సంది నన్ను బాపు అనబట్టింది. మొదట్ల మస్తు బాధైంది. ఇప్పుడు బిడ్డ లెక్క సూసుకుంటున్న."

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు దగ్గర పడుతుండగా అంజమ్మ లేచి నిలబడింది.

"బాపూ, చెరువు నిండింది సూడు!"

చెరువులో చుక్క నీరు లేదు. తుమ్మచెట్ల మధ్య మేకలు మేస్తున్నాయి.

"అవ్ బిడ్డా, నిండింది. పోదాం పా" అంటూ మల్లయ్య ఆమె చెయ్యి పట్టుకుని బస్సు దింపాడు. కట్టవైపు నడుస్తున్న ఆ ఇద్దర్నీ అమ్మ మెడ తిప్పి చాలాసేపు చూసింది.

తొమ్మిదిన్నరకల్లా బస్టాండులో ఇడ్లీ తిని, దవాఖానా పక్కనున్న హాలుకి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడుతుంది. కుర్చీలోంచి లేపి చూస్తారట, నడిపిస్తారట, పిడికిలి బలం కొలుస్తారట, కొన్ని మాటలు చెప్పి గుర్తున్నాయేమో అడుగుతారట. ఏటా రావాలి.

"మందేమైనా ఇస్తారా?" అన్నాను.

"లేదండి. దీనివల్ల మీ అమ్మగారి మరుపు తగ్గుతుందని చెప్పలేను. ముందు ముందు వచ్చేవాళ్ళకి ఉపయోగపడొచ్చు."

ఇంత దూరం తెచ్చింది ఇందుకా? "పదమ్మా, ఇంటికెళ్దాం" అంటూ లేచాను.

"ఒక్క నిమిషం. ఆవిణ్ణి కూడా అడగాలి కదా" అని డాక్టరమ్మ, అమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. అంతా మళ్ళీ మొదట్నుంచి తేలిక మాటల్లో చెప్పింది.

అమ్మ శ్రద్ధగా వింది. తర్వాత నావైపు వేలు చూపించింది.

"ఈ అమ్మాయి ఎవరో నన్ను జాగ్రత్తగా బస్సులో తీసుకొచ్చింది. మంచి పిల్ల. రేపు దీనికి పెద్దతనం వస్తే పనికొస్తుందా?"

"రావచ్చు."

"అయితే చెయ్యండమ్మా. నేనుంటాను."

నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. అమ్మ చెప్పులు విడిచి వరండాలో నడిచింది. గోడ పట్టుకోకుండా, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఎవరింటికో పేరంటానికి వెళ్తున్నట్టు నడిచింది.

మధ్యాహ్నం పప్పన్నం తిని రెండింటి బస్సెక్కాం. ఎండ మత్తుగా ఉంది. బస్సు ఊపుకి కళ్ళు మూతలు పడుతుంటే, అమ్మ నా మోచేతిని తట్టింది.

"నీకు అమ్మ ఉందా?"

మామూలుగా అయితే "నువ్వే కదే!" అని ఏడ్చేదాన్ని.

"ఉందండి" అన్నాను.

"ఎలా ఉంది?"

"బాగుంది. ఇవాళ నాకోసం చాలా దూరం వెళ్ళింది."

"అడిగానని చెప్పు" అని అమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

దిగాల్సిన చోటు వచ్చేదాకా నేను కదల్లేదు. మందు కోసం వెళ్ళి ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన ప్రయాణమిది. అయినా వచ్చే ఏడాది మళ్ళీ వెళ్తాం. మాట ఇచ్చింది అమ్మ.